సూరత్‌లో సువార్త: లెక్కకు రాని ముప్పై ఏళ్లు

జూబిలీ సంచికకు సంఘ చరిత్ర రాయమని పెద్దలు అడిగారు. లింబాయత్, ఉధ్నా ఇళ్లలో మన ప్రార్థన కూడికలు ఎలా మొదలయ్యాయో ఆ రోజులు చూసినవారే రాయడం బాగుంటుంది. నేను అంతకు ముందటి కథ చెబుతాను. మన నేతపనివారు కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి ఈ ఊరికి రాకముందే ఇక్కడ ప్రభువు పనిలో నిలబడినవారు ఉన్నారు. ఆ పనికి మన తెలుగు నేలతో దగ్గరి చుట్టరికం కూడా ఉంది.

లండన్ మిషనరీ సొసైటీ 1804 ప్రాంతంలో మన దేశానికి కొందరిని పంపింది. వారిలో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. సూరత్‌కు ఏర్పరచిన ఇద్దరూ సూరత్‌లో స్థిరపడలేదు. లవ్‌లెస్ మద్రాసులోనే ఉండిపోయారు, డాక్టర్ టేలర్ బొంబాయిలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. విశాఖలో పని మొదలైంది గానీ క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో కన్నుమూశారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో డెగ్రాంజ్ తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ఆయన చూడలేదు.

సూరత్‌కు 1815లో జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ వచ్చారు. అప్పటికే ఈ రేవు వైభవం తగ్గి వ్యాపారం బొంబాయికి తరలిపోతోంది. వాళ్లు గుజరాతీ నేర్చుకున్నారు, బడులు పెట్టారు, అచ్చుయంత్రం తెచ్చారు, బైబిలు అనువాదానికి కూర్చున్నారు. గుజరాతీ కొత్త నిబంధన 1821లో వచ్చింది. ఆ ఏడాదే స్కిన్నర్ చనిపోయారు. పాత నిబంధన 1823లో పూర్తయింది. విలియం తమ్ముడు అలెగ్జాండర్ కూడా వచ్చి కలిశారు, 1840లో సూరత్ మట్టిలోనే కలిసిపోయారు.

ఇంత పని జరిగింది. నమ్మి బాప్తిస్మం పొందినవారు మాత్రం చాలా కొద్దిమంది. ఏటా లండన్‌కు పంపే నివేదికలో ఏం రాయాలి? బడిలో ఇంతమంది పిల్లలు, ఇన్ని కరపత్రాలు, ఇన్ని పుస్తకాలు అనే రాయాలి. విశాఖలోనూ అంతే, దాదాపు ముప్పై ఏళ్లు తెలుగువారిలో ఫలం కనబడలేదు. మిషన్ చరిత్రలు ఈ ముప్పై ఏళ్లను రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నాకు అది అన్యాయంగా తోస్తుంది. మగ్గానికి పడుగు ఎక్కించేటప్పుడు చూసేవాడికి బట్ట కనబడదు, నేసేవాడికి తెలుసు ఆ పని లేకపోతే బట్టే లేదని. ఈ రోజు గుజరాత్‌లో ఏ సంఘంలో బైబిలు తెరిచినా, ఆ తెరవడం వెనుక స్కిన్నర్, ఫైవీలు కూర్చున్న బల్ల ఉంది.

1846లో లండన్ సొసైటీ సూరత్ పనిని ఐర్లండ్ ప్రెస్బిటేరియన్ సంఘానికి అప్పగించింది. ఆ సంఘానికీ మొదటి అడుగులోనే దెబ్బ తగిలింది. వారు అంతకు ముందే, 1840లో ప్రత్యేకించి పంపిన జేమ్స్ గ్లాస్గో, అలెగ్జాండర్ కెర్‌లలో కెర్ గారు రాజ్‌కోట్ చేరిన కొద్ది నెలలకే, 1841లో జ్వరంతో చనిపోయారు. మరుసటి ఏడాది ఇంకొందరు బయలుదేరి వచ్చారు. సూరత్‌లోని ఐ.పి. మిషన్ హైస్కూలు పేరులో ఉన్నది ఆ సంఘమే. మిషన్ ప్రెస్ నుంచి 1877లో మిషనరీ మాంట్‌గోమరీ, ఇద్దరు గుజరాతీ పండితులతో కలిసి చేసిన ఇంగ్లీషు, గుజరాతీ నిఘంటువు వెలువడింది.

లెక్కకు రాని ఇలాంటి ఓపిక మన తెలుగు నేలలోనూ ఉంది. ఒంగోలు కథ మీకు తెలిసిందే, కొద్దిగానే చెబుతాను. శామ్యూల్ డే 1836లో వచ్చి నెల్లూరులో మొదలుపెట్టిన బాప్టిస్టు పనిని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అక్కడి మిషనరీ జూయెట్ దొరగారు వినలేదు. ఆయన, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు 1854 జనవరి 1న ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1866లో మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు, మాదిగ విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్య గారు సువార్తను ఊరూరా మోశారు. తర్వాత ధాత కరువు. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి చూపారు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం.

ఆ అంకెను ప్రతి ప్రసంగంలో వింటాం. నా మనసుకు పెద్దదిగా తోచేది దానికి ముందటి విషయం. కరువు సాగినన్నాళ్లూ, జనం వచ్చి అడుగుతున్నా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ గారు బాప్తిస్మాలు ఆపేశారు. ఆ నెలల్లో అడిగి, కాదనిపించుకుని, మళ్లీ వచ్చిన పేదల విశ్వాసాన్ని ఏ పట్టికలో రాయగలం?

గుజరాత్‌కూ అలాంటి కరువే వచ్చింది, 1899, 1900ల్లో. దాన్ని ఇక్కడివారు ఇప్పటికీ ఛప్పనియో అంటారు. మిషన్ అనాథ పిల్లలను చేరదీసింది. వారిలో ఎందరో ఈ రాష్ట్రపు సంఘాలకు పెద్దలయ్యారు.

మన తరానికి వేరే పరీక్షలు వచ్చాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది ఊరు వదిలి రైళ్లెక్కారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లతో తాపీ ఉప్పొంగి ఊరిలో ఎక్కువ భాగం మునిగింది. 2020లో లాక్‌డౌన్‌తో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి కూలీలకు తిండీ, ఊరికి దారీ లేకుండా పోయాయి. వీటికి తోడు రోజువారీ కష్టం ఒకటుంది, దానికి తేదీలు ఉండవు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ దిగి కళ్లు మండుతుండగా ఆదివారం ఆరాధనకు వచ్చే అన్నను నేను ఎరుగుదును. దుమ్ముకు దగ్గుతూనే కుటుంబ ప్రార్థన మానని వదినను ఎరుగుదును. ఊళ్లో అమ్మానాన్నలు పోయినప్పుడు సమయానికి చేరలేక, ఇక్కడి నలుగురినే తోబుట్టువులుగా చేసుకుని ఏడ్చి లేచినవారినీ ఎరుగుదును. మన సభ్యత్వ రిజిస్టరులో వీళ్లందరికీ తలా ఒక గీత మాత్రమే ఉంది.

అందుకే ఈ జూబిలీ ఏడాదిలో నాదొక విన్నపం. ప్రతి కుటుంబం ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి అడిగి, ఆ మూడు గడ్డు కాలాల్లో ఎవరింట్లో ప్రార్థన జరిగింది, ఎవరు బియ్యం పంచారు, ఎవరు వెళ్లిపోయి తిరిగి వచ్చారు, అన్నీ రాసి సంఘానికి ఇవ్వాలి. పిల్లలు గుజరాతీ బడిలో చదువుకున్నారు, తెలుగు రాయడం రాదంటే మొహమాటం వద్దు, గుజరాతీలోనే రాయనివ్వండి. ఆ భాషా మనకు పరాయిది కాదు, గుజరాతీకి పేరున్న వ్యాకరణం 1867లో రాసిన మిషనరీ జోసెఫ్ వాన్ సోమెరెన్ టేలర్ పుట్టింది మన తెలుగు వినబడే బళ్లారిలోనే.