ఎడ్లబండిలో భ్రమణ సమతాస్థితి

ఒక వస్తువును అక్షం చుట్టూ తిప్పడంలో బలానికి ఉండే ప్రభావాన్ని టార్క్ లేదా బలభ్రామకం అంటారు. బలాన్ని, అక్షం నుంచి ఆ బలం పనిచేసే రేఖకు ఉన్న లంబదూరంతో గుణిస్తే దాని విలువ వస్తుంది. ప్రమాణం న్యూటన్-మీటర్. ఒకవైపు తిప్పే టార్కులు ఎదురువైపు తిప్పేవాటితో సరిపోయినప్పుడు ఆ వస్తువు భ్రమణ సమతాస్థితిలో ఉంటుంది. తులాదండానికి సంబంధించిన ఈ నియమాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ నిరూపించాడు.

పాఠాల్లో దీన్ని మీటరు బద్దతోనో నిచ్చెనతోనో చెబుతారు. సంగారెడ్డి జిల్లా రాయికోడ్, జహీరాబాద్ పల్లెల్లోని రెండు చక్రాల ఎడ్లబండి అంతకన్నా మేలైన ఉదాహరణ. ఇక్కడ లెక్క తప్పితే ఆ ఫలితాన్ని ఎడ్ల మెడలు మోస్తాయి.

బండికి ఇరుసే అక్షం. బండి సొంత బరువు పక్కన పెట్టి, 600 కిలోల జొన్నచొప్ప వేశామనుకుందాం. దాని గురుత్వ కేంద్రం ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందు ఉంది, కాడి 2.5 మీటర్ల దూరంలో ఉంది. 600ను 0.1తో గుణించి 2.5తో భాగిస్తే 24. అంటే కాడి మీద పడేది 24 కిలోల బరువే, మిగతా 576 కిలోలూ ఇరుసు మోస్తుంది. అదే చొప్పను గురుత్వ కేంద్రం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు ఉండేలా వేస్తే ఎడ్ల మీద 72 కిలోలు పడతాయి. ఇరుసుకు వెనక్కి వేస్తే కాడిని కట్టే నొగలు లేచి, మెడకు కట్టిన తాళ్లు గొంతుకు బిగుస్తాయి. అందుకే బండి కట్టేవాళ్లు కొంచెం ముందుబరువు ఉండేలా చూస్తారు, నొగ పట్టి ఎత్తి చూసి సరిచేస్తారు. కాగితం లేకుండా చేసే ఈ కొలత భౌతికశాస్త్రమే.

ఎత్తుగా పేర్చిన చొప్పతో అసలు చిక్కు వాలులో వస్తుంది. గురుత్వ కేంద్రం ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందే ఉన్నా, 1 మీటరు పైన ఉంటే, 5 డిగ్రీల ఎగువలో అది దాదాపు 9 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. చక్రం కింద రాయి పెట్టి బండిని అక్కడే ఆపితే కాడి మీద మిగిలేది 3 కిలోలే. ఇంకొంచెం ఏటవాలైతే నొగలు లేస్తాయి. అదే దిగువలో 45 కిలోలవుతాయి. సరుకు మారలేదు, ఎడ్లూ మారలేదు. మారింది గురుత్వ కేంద్రం నుంచి ఇరుసుకు ఉన్న అడ్డదూరం ఒక్కటే. బరువును కిందికి దించి పేర్చితే ఈ తేడా తగ్గుతుంది.

కాడి కూడా ఒక తులాదండమే. నొగను కట్టిన చోటే దాని అక్షం. ఆ కట్టును బలమైన ఎద్దు వైపు జరిపితే ఆ వైపు కాడి భుజం పొట్టిదై, ఎక్కువ బలం ఆ ఎద్దు మీదే పడుతుంది, బక్క ఎద్దుకు భారం తగ్గుతుంది.

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. ట్రాక్టరుకూ ఇదే నియమం. నిండు ట్రాలీని లాగేటప్పుడు వెనక చక్రం నేలను తాకే చోటే అక్షం. లాగుడు బలాన్ని కొక్కెం ఎత్తుతో గుణించగా వచ్చే టార్క్, ట్రాక్టరు బరువు ఇచ్చే ఎదురు టార్క్‌ను మించితే ముందు చక్రాలు లేస్తాయి. కొక్కెం కింద ఉంచడానికీ, ముందు భాగాన ఇనుప బరువులు తగిలించడానికీ కారణం అదే. ఇక్కడి పల్లెల్లో సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర అనే విత్తనాల పండుగలో మాత్రం విత్తనాలు ఇప్పటికీ ఎడ్లబండ్ల మీదే ఊరూరా తిరుగుతాయి.