బార్న్‌స్టార్
వికీపీడియాలో మంచి పని చేసిన వాడుకరికి తోటి వాడుకరి ఇచ్చే మెప్పుగుర్తు. అమెరికా పల్లెల్లో ధాన్యపు కొట్టాల గోడలకు తగిలించే నక్షత్రం దీనికి నమూనా. 2003లో మీట్‌బాల్ అనే మరో వికీలో సునీర్ షా మొదలుపెట్టగా, ఆ తర్వాత వికీపీడియాకు చేరింది. దీనికి ఎంపిక సంఘం లేదు, సొమ్మూ లేదు. ఎవరైనా అవతలివారి చర్చాపేజీలో కారణం రాసి ఇవ్వవచ్చు. నిజానికి నక్షత్రపు బొమ్మకంటే ఆ కారణానికే విలువెక్కువ. 2012లో పరిశోధకులు రెస్టివో, వాన్ డి రైట్ ప్రచురించిన ప్రయోగంలో, అత్యంత చురుకైనవారిలో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి నక్షత్రాలిచ్చారు. అందుకోనివారికంటే వారి కృషి సుమారు 60 శాతం ఎక్కువగా తేలింది.   తెలుగు వికీపీడియాలోనూ ఇలాంటి పతకాలిచ్చే ఆనవాయితీ ఉంది.