మోటారు పందెముల నిచ్చెన

ఫార్ములా అను మాట వినగానే మనలో పలువురకు గణితములోని సూత్రము స్ఫురించును. మోటారు పందెములలో ఆ మాటకు అర్థము వేరు. కారు బరువెంత, ఇంజను శక్తి ఎంత, టైర్లు ఎట్టివి అను సంగతులు ముందుగా నిర్ణయించి, ఆ కట్టుబాటునకు లోబడిన కార్ల నడుమనే పోటీ నడపుట ఫార్ములా పద్ధతి. ఈ కార్లలో ఒక్కరికే చోటు. చక్రములపై కప్పు ఉండదు. నాలుగు చక్రములును కారు దేహమునకు వెలుపలనే తిరుగును. కనుక వీనిని ఓపెన్ వీల్ కార్లందురు. వేగముగా పోవు రెండు కార్ల చక్రములు ఒకదానికొకటి తగిలినచో కారు గాలిలోనికి లేచు ప్రమాదము కలదు. అందుచేత ఈ విద్యను చిన్ననాటి నుండి మెట్టు మెట్టుగా నేర్వవలసి ఉండును.

మొదటి మెట్టు కార్టింగ్. ఏడెనిమిదేండ్ల ప్రాయముననే పిల్లలు చిన్న గో-కార్టులతో ప్రారంభింతురు. పదునైదేండ్లు నిండిన పిదప ఫార్ములా-4లో ప్రవేశింపవచ్చును. ఆపైన ఫార్ములా-3, ఫార్ములా-2. అన్నింటి మీద ఫార్ములా-1. ఆ కడపటి మెట్టు ఎక్కుటకు సూపర్ లైసెన్సు కావలెను. దానికై మూడేండ్లలో 40 పాయింట్లు సంపాదింపవలెను. ఫార్ములా-2లో మొదటి మూడు స్థానములు పొందినవారికి ఆ 40 పాయింట్లును ఒక్క యేటనే లభించును. ఫార్ములా-4 విజేతకు 12కు మించి రావు. మధ్య మెట్లు దాటనివాడు పైమెట్టు చూడలేడని దీని భావము. పైగా ఫార్ములా-3, ఫార్ములా-2 తరగతులలో ఒక్క యేడు పాల్గొనుటకు కోట్ల రూపాయలు వెచ్చింపవలసి వచ్చును.

ఈ నిచ్చెన ప్రసక్తి మన నగరమునకు ఏల అని కొందరడుగవచ్చును. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగర్ తీరమున విద్యుత్ కార్ల ప్రపంచ పోటీయగు ఫార్ములా-ఇ పందెము జరిగినది. భారతదేశమున ఆ పోటీ జరుగుట అదియే మొదటిసారి. 2.8 కిలోమీటర్లకు పైబడిన వీధి మార్గము, 18 మలుపులు, 22 మంది డ్రైవర్లు. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేత అయ్యెను. పోటీలో మహీంద్రా జట్టు మన దేశపుది. కాని ఆ 22 మందిలో భారతీయుడొక్కడును లేడు. మరుసటి యేడు ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము, ఒప్పంద విషయమున నిర్వాహకులకును రాష్ట్ర ప్రభుత్వమునకును పొసగక, 2024 జనవరిలోనే రద్దయినది. ఆ వివాదము జోలికి మేము పోము. చరిత్ర దృష్టితో మాకు ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: మన వీధులలో ప్రపంచ పోటీ జరిగిననాడు మన పిల్లవాడు అందులో ఏల లేకపోయెను?

దీనికి సమాధానము మద్రాసు వైపు చూచిన దొరకును. ఆ నగరమునకు ఉత్తరమున షోలవరము కలదు. యుద్ధకాలపు విమానములకై వేసిన అచటి రన్‌వే మీద 1950ల దశకము నుండి మోటారు పందెములు జరుగుచుండెను. 1990లో శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగట్టుకోట్టైలో శాశ్వతమైన ట్రాకు ఏర్పడినది. ట్రాకు ఉన్నచోట మెకానిక్కులు చేరుదురు. మెకానిక్కులు ఉన్నచోట కార్లు తయారగును. కోయంబత్తూరు వాడైన కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజనుతో స్వల్పవ్యయమున ఒంటి ఆసనపు కారు నిర్మించెను. ఫార్ములా మారుతి అను ఆ తరగతి వలన విదేశములకు పోలేని యువకులకు కూడ ఓపెన్ వీల్ కారు అందుబాటులోనికి వచ్చినది. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించెను. కోయంబత్తూరు ట్రాకు నేటికిని ఆయన పేరనే కలదు.

అదే కోయంబత్తూరు నుండి నరైన్ కార్తికేయన్ వచ్చెను. ఆయన ఫార్ములా మారుతి నడిపెను. ఫ్రాన్సు దేశపు శిక్షణాలయమున నేర్చెను. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీని, 1996లో ఫార్ములా ఆసియా పోటీని గెలిచెను. 2005లో జోర్డాన్ జట్టు తరపున ఫార్ములా-1లో ప్రవేశించిన తొలి భారతీయుడయ్యెను. మద్రాసు వాడైన కరుణ్ చంధోక్ 2010లో రెండవవాడు. 2025 ముగియునాటికి మూడవ భారతీయుడు ఫార్ములా-1 పందెమున పాల్గొనలేదు.

పైనుండి కట్టుకొని వచ్చిన ప్రయత్నములును లేకపోలేదు. ఫోర్స్ ఇండియా జట్టు 2008 నుండి 2018 వరకు ఫార్ములా-1లో ఉండెను. పేరులో మన దేశము ఉన్నను, ఆ పదేండ్లలో దాని కారుతో పందెమున పాల్గొన్న భారతీయుడు లేడు. ఢిల్లీ సమీపమున బుద్ధ ట్రాకు మీద 2011 నుండి 2013 వరకు మూడు పర్యాయములు ఫార్ములా-1 పందెము జరిగి నిలిచిపోయినది. అయితే అదే జట్టు 2011లో దేశమంతట వెదకి ఎన్నుకొన్న బాలురలో బొంబాయి వాడగు జెహాన్ దారువాలా, 2020లో ఫార్ములా-2 పందెము గెలిచిన తొలి భారతీయుడయ్యెను. జట్టు పేరు చేయలేని పనిని బాలుని వెదకి నేర్పుట కొంతవరకు చేసినదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన హైదరాబాదు సంగతి. ఈ నగరపు యువకుడు అనిందిత్ రెడ్డి 2016, 2017 సంవత్సరములలో వరుసగా యూరో జె.కె. పోటీలో విజేత అయ్యెను. అది ఓపెన్ వీల్ కార్ల పోటీయే. అయితే ఆ పందెములు జరిగినది కోయంబత్తూరులోను, ఢిల్లీ సమీపమునను. 2022లో ఇండియన్ రేసింగ్ లీగు ఆరంభమై, ఆరు నగరముల పేర ఆరు జట్లు ఏర్పడినప్పుడు హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో అనిందిత్ ఒకడు. ఆ యేడు నవంబరులో మన నగరమున జరిగిన తొలి ఘట్టము ప్రమాదముల వలన అనుకొన్నట్లు సాగలేదు. డిసెంబరులో కడపటి ఘట్టము కూడ ఇచటనే జరిగినది. లీగులో వాడు కార్లు చక్రములు కప్పబడినవి. అయినను దానితోపాటు 2023లో ఆరంభమైన భారత ఫార్ములా-4 పోటీలో నడచునవి అసలైన ఓపెన్ వీల్ కార్లు; అందులో కూడ బ్లాక్‌బర్డ్స్ పేరిట డ్రైవర్లు పాల్గొనిరి.

2024 సెప్టెంబరులో ఈ జట్టును సినిమా నటుడు అక్కినేని నాగచైతన్య స్వంతము చేసికొనెను. శ్రీనగర్ కాలనీ, జూబిలీ హిల్స్ ప్రాంతముల వారికి ఈ వార్త ఒక పాత చరిత్రను జ్ఞాపకము చేయును. ఒకనాడు తెలుగు సినిమా కూడ మద్రాసులోనే ఉండెను. నటులను మాత్రము రైలెక్కించి తెచ్చినంతనే అది హైదరాబాదునకు రాలేదు. అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసినది. 1976లో నాగచైతన్య తాతగారైన నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పిరి. ఆనాడు ఆ చుట్టుప్రక్కల బండలును పొదలును ఎక్కువ. స్టూడియోలు వెలసిన పిదపనే దీపములు పట్టువారు, మేకప్పు చేయువారు, కూర్పరులు, సహాయ దర్శకులు ఇచట స్థిరపడిరి. శ్రీనగర్ కాలనీలో చిత్రనిర్మాణ సంస్థల కార్యాలయములు వెలసినవి. క్లాపు పలక పట్టుకొన్నవాడు కొన్నియేండ్లకు దర్శకుడగుటకు దారి ఏర్పడినది. సినిమాతోపాటు దాని నిచ్చెన కూడ వచ్చినదన్నమాట.

మోటారు పందెముల విషయమున మనము ముందు తెరను దింపి, స్టూడియో కట్టుట మరచితిమేమో అని మాకు తోచుచున్నది. నేల విడిచి సాము చేయరాదని పెద్దలందురు. వీధిలో ఒక్కనాటి పందెమునకు గోడలు పెట్టి తీసివేయవచ్చును. కాని బాలుడు వారమువారము అభ్యాసము చేయుటకు ట్రాకు ఎల్లప్పుడు ఉండవలెను. కార్టింగ్ పోటీలు క్రమముగా జరుగవలెను. ఐ.టి.ఐ.లో చదివిన కుర్రవానికి కారు విప్పి బిగించు పని చేతికి రావలెను. ధనికుల బిడ్డలకే గాక, చేయి తిరిగిన పేదవాని బిడ్డకు కూడ వ్యయము భరించు పోషకుడు దొరకవలెను. రోడ్డు మీద వేగము ప్రాణాంతకము; దానికి తగిన చోటు ట్రాకే అని బాలునికి నేర్పుటయు ఇందులో భాగమే.

బ్లాక్‌బర్డ్స్ జట్టు ఎన్ని కప్పులు గెలుచునో మేము చెప్పజాలము. దాని పనికి మాత్రము వేరొక కొలత కలదు. అది మొదటి మెట్టు మీద నిలిపిన మన ఊరి పిల్లలు ఎందరు, వారిలో రెండవ మెట్టు దాక పోయినవారు ఎందరు అని పదేండ్ల తరువాత లెక్కించి చూడవలెను. ఆ లెక్క బాగున్ననాడు హుస్సేన్ సాగర్ తీరమునకు ప్రపంచ పోటీ మరల వచ్చినను రాకున్నను, మన పిల్లలు ప్రపంచ పోటీలకు తామే పోగలరు.