మహిళల ప్రపంచ ఫ్లోర్‌బాల్ పోటీలు: సింగపూర్ ఆతిథ్యము

అంతర్జాతీయ ఫ్లోర్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యమున రెండేండ్లకొకసారి జరుగు ఈ పోటీలు, 1997లో ఫిన్లండునకు చెందిన ఆలండ్ ద్వీపములలో ఆరంభమై, తొలి నాలుగు పర్యాయములును ఐరోపాకే పరిమితములై యుండగా, 2005లో వానికి ఆసియా ఖండమున ప్రప్రథమముగా ఆతిథ్యమొసగిన ఘనత సింగపూరునకు దక్కినది. ఆ యేట స్విట్జర్లండు విజేతయయ్యెను.

40 మీటర్ల పొడవును, 20 మీటర్ల వెడల్పును గల గచ్చునేల, దానిచుట్టును అర మీటరు ఎత్తు పలకల కంచె, రంధ్రములుగల తేలికపాటి ప్లాస్టిక్ బంతి, ఇవియే ముఖ్యసాధనములగుటచేత మంచునెరుగని ఉష్ణదేశమునకును ఈ క్రీడ సాధ్యమైనది.

2023 డిసెంబరులో 16 జట్లతో ఆ నగరమే మరల పోటీలను నిర్వహింపగా స్వీడన్ గెలిచెను. ఆతిథేయ జట్టునకు అర్హతాపోటీలతో నిమిత్తము లేకయే ప్రవేశము లభించుట ఈ వ్యవస్థయందు మిక్కిలి శ్లాఘనీయమైన నియమము. దానివలననే సింగపూర్ యువతులు స్వజనసమక్షమున అగ్రశ్రేణి జట్ల సరసన నిలువగలిగిరి.