పతకం అంచున సిపాయి పేరు

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికుడికిచ్చిన వెండి పతకాన్ని ఏటవాలుగా పట్టుకుని చూడండి. అంచు మీద సన్నని అక్షరాలు కనిపిస్తాయి: నంబరు, హోదా, పేరు, రెజిమెంటు. రాజుగారి బొమ్మ కన్నా ఆ అంచే నాకు ముద్దు. ఓ మామూలు సిపాయి బతుకు ఆనవాళ్లు పట్టుకోవడం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఈ ఆచారం వాటర్లూ యుద్ధం నాటిది. 1815లో అక్కడ పోరాడినవాళ్లకు, దళపతి నుంచి సిపాయి దాకా ఒకే పతకం ఇచ్చి, ఎవరి పేరు వారి పతకం అంచున అచ్చొత్తించారు. చనిపోయిన సిపాయిలను మాత్రం గుంపుగా గోతుల్లో పూడ్చారు. మెడలో పేరున్న బిళ్ళ వేసుకోవడానికి 1907 దాకా ఆగాల్సి వచ్చింది.

అదీ ఒక్కటే బిళ్ళ, అల్యూమినియంది. మనిషి పోయాడని చెప్పడానికి దాన్ని తీసుకెళ్తే శవం అనామకమయ్యేది. 1916 జులై 1న, సోమ్ యుద్ధం తొలి రోజునే, 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఆ సెప్టెంబరులో రెండు బిళ్ళల పద్ధతి వచ్చింది. ఎర్రది లెక్క కోసం తీసుకెళ్లాలి, ఆకుపచ్చది ఒంటి మీదే వదిలెయ్యాలి. నారతో చేసిన ఆ బిళ్ళలు మట్టిలో చివికిపోయాయి. సమాధి తెలియని 72 వేల మందికి పైగా పేర్లు సోమ్‌లోని తీప్వాల్ స్మారకం గోడలమీద ఉన్నాయి.

పేరు దొరికినా చిక్కు తీరదు. 1920 దాకా ఏ రెజిమెంటు నంబర్లు దానివే. ఒకే నంబరు ఎందరికో ఉండేది, రెజిమెంటు మారితే నంబరూ మారేది.

అసలు దెబ్బ 1940 సెప్టెంబరులో తగిలింది. లండన్ ఆర్న్‌సైడ్ వీధిలోని సైనిక దస్త్రాల గోదాముపై జర్మన్ బాంబు పడింది. మొదటి యుద్ధపు సిపాయిల కాగితాల్లో సగానికి పైగా బూడిదయ్యాయి. మిగిలినవి అంచులు కాలి, నీళ్లకు తడిసి, ఇప్పుడు లండన్ క్యూ ప్రాంతంలోని జాతీయ దస్త్ర భాండాగారంలో ఉన్నాయి. ఎత్తు, ఛాతీ కొలత, చేసే పని, పెళ్లాం పేరు, పడ్డ శిక్షలు అన్నీ వాటిలోనే. సేనాపతులు స్వీయచరిత్రలు రాసుకున్నారు. సిపాయికి ఉన్న చరిత్ర ఆ కాగితాలే. నన్నడిగితే ఓ పెద్ద గ్రంథాలయం తగలబడటం కన్నా ఇది తక్కువ నష్టం కాదు.

ఆ వెండి పతకాలు కూడా అన్నీ మిగల్లేదు. 1980 ప్రాంతంలో వెండి ధర చుక్కలంటినప్పుడు ఎన్నింటినో కరిగించేశారు. రెండో యుద్ధానికొచ్చేసరికి బ్రిటిష్ సైనికుల పతకాలు పేరు లేకుండానే పంచారు. విచిత్రమేమంటే, భారత సైనికులకిచ్చిన వాటి మీద మాత్రం పేరు వేశారు.

మీ తాతగారి పెట్టెలో అలాంటి పతకం ఉంటే తూకానికి వెయ్యకండి. ముందు దాని అంచు చదవండి.