మెటబాలిజం, హార్మోన్లు: యూనివర్సిటీ విద్యార్థులు ఈ పాఠాన్ని ఎలా చదవాలి?

ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మొత్తంలో ఏ సమయంలో చూసినా సుమారు 4-5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. అంటే ఒక చిన్న చెంచా చక్కెర అంత. కానీ మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. మనం గంటగంటకూ తినం కదా, మరి ఈ లెక్క ఎలా సరిపోతోంది? మెటబాలిజం పాఠం మొత్తం ఈ ప్రశ్నకు జవాబే.

ఏ కోర్సుల్లో ఉంటుంది?

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీతో పాటు ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదవాలి. బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ, బీఎస్సీ బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్ కోర్సుల్లో కూడా ఈ పాఠాలు ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేసేవారికి ఇదే పునాది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, గ్లైకాలిసిస్, క్రెబ్స్ సైకిల్ లాంటివి బయోకెమిస్ట్రీ వాళ్లు చెబుతారు. హార్మోన్లు ఎక్కువగా ఫిజియాలజీ వాళ్లు చెబుతారు. విద్యార్థి రెండు నోట్‌బుక్కులు పెట్టుకుని, రెండూ వేర్వేరు విషయాలు అనుకుంటాడు. నిజానికి రెండూ ఒకటే కథ. ఎంజైములు పని చేస్తాయి, ఆ పని ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో హార్మోన్లు చెబుతాయి.

తెలుగు, ఉర్దూ మీడియం విద్యార్థులకు

స్కూల్లో తెలుగు మీడియం వారు "క్లోమం" అని చదివారు, ఉర్దూ మీడియం వారు "లబ్‌లబా" అని చదివారు. కాలేజీలో అదే "పాంక్రియాస్" అవుతుంది. అవయవం మారలేదు, పేరే మారింది. మొదటి నెలలోనే ఇలాంటి ముఖ్యమైన పదాలను ఒక పేజీలో పక్కపక్కన రాసుకుంటే సగం భయం పోతుంది. సొంత భాషలో అర్థం చేసుకుని, ఇంగ్లీషులో జవాబు రాయడం తప్పేమీ కాదు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. సైన్స్ పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం కూడా ఉండేది.

ఈ సబ్జెక్టులో మనవారి పేరు కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని గుర్తించారు. తిన్నదాంట్లోని శక్తి చివరికి కణానికి అందేది ఈ ఏటీపీ రూపంలోనే.

తిన్న తర్వాత: ఇన్సులిన్ రాజ్యం

అన్నం అరిగి రక్తంలో గ్లూకోజ్ పెరగగానే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ విడుదల చేస్తాయి. ఇందులో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని సందేశం ఒక్కటే: "తిండి వచ్చింది, దాచుకోండి."

ఆ మాట విని కండరాలు, కొవ్వు కణాలు గ్లుట్-4 అనే ద్వారాలను పైకి తెచ్చి గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి. కాలేయం గ్లూకోజ్‌ను గ్లైకోజన్‌గా మార్చి నిల్వ చేస్తుంది. మిగిలింది కొవ్వుగా మారుతుంది. బాగా తిన్న మనిషి కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల గ్లైకోజన్ ఉంటుంది.

తిననప్పుడు: గ్లూకగాన్ రాజ్యం

కొన్ని గంటలు గడిచాక ఇన్సులిన్ తగ్గుతుంది, ఆల్ఫా కణాల నుంచి గ్లూకగాన్ పెరుగుతుంది. ఇది ముఖ్యంగా కాలేయంతో మాట్లాడుతుంది. కాలేయం తన గ్లైకోజన్‌ను విడగొట్టి గ్లూకోజ్‌ను రక్తంలోకి పంపుతుంది. సుమారు ఒక రోజు గడిచేసరికి ఆ నిల్వ దాదాపు ఖాళీ అవుతుంది. ఈలోపే లాక్టేట్, గ్లిసరాల్, అమైనో ఆమ్లాల నుంచి కొత్త గ్లూకోజ్ తయారీ మొదలై ఉంటుంది. కొవ్వు కరిగి కండరాలకు ఇంధనం అవుతుంది. ఉపవాసం రోజుల తరబడి సాగితే మెదడు కూడా కీటోన్లు వాడుకోవడం అలవాటు చేసుకుంటుంది.

ఇక్కడ పరీక్షల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. కండరాల్లో 400 గ్రాముల గ్లైకోజన్ ఉండగా, అది నేరుగా రక్తానికి ఎందుకు అందదు? ఎందుకంటే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కాలేయంలో ఉంది, కండరంలో లేదు. కండరం దాచుకున్నది కండరానికే.

మిగతా హార్మోన్లు

భయపడినా, పరిగెత్తినా అడ్రినలిన్ క్షణాల్లో నిల్వలను కదిలిస్తుంది. కార్టిసాల్ గంటల లెక్కన నిదానంగా పనిచేసి, కొత్త గ్లూకోజ్ తయారీని పెంచుతుంది. థైరాయిడ్ హార్మోన్లు మొత్తం శరీరం శక్తిని ఖర్చు చేసే వేగాన్ని నిర్ణయిస్తాయి. థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేస్తే, దాన్ని లేపడానికి పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే సాధారణంగా థైరాయిడ్ తక్కువ అని చెప్పేది అందుకే.

ఎలా చదవాలి?

సైకిళ్లను విడివిడిగా బట్టీ పడితే పరీక్ష అయిన వారానికే మర్చిపోతారు. దాని బదులు పెద్ద కాగితం మీద కాలేయం, కండరం, కొవ్వు, మెదడు, ఎర్ర రక్తకణం అని ఐదు గడులు గీయండి. తిన్న రెండు గంటలకు ఒక్కో గడిలో ఏం జరుగుతోందో రాయండి. తర్వాత 12 గంటలకు, ఆ తర్వాత మూడు రోజులకు రాయండి. ఎర్ర రక్తకణానికి మైటోకాండ్రియా లేదు కాబట్టి దానికి ఎప్పుడూ గ్లూకోజే దిక్కు. ఈ పటం చూడకుండా గీయగలిగితే, హార్పర్ బయోకెమిస్ట్రీ, గైటన్ ఫిజియాలజీ పుస్తకాలు కష్టంగా అనిపించవు.

ప్రతి ఎంజైమ్ దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ కణంలో ఉంది? ఏ హార్మోన్ దాన్ని నడుపుతుంది? అది పాడైతే ఏ జబ్బు?

చదువు పనికొచ్చే చోటు

టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ దాదాపు ఉండదు. రక్తం నిండా చక్కెర ఉన్నా, ఇన్సులిన్ లేకపోవడంతో కాలేయం "ఇంటికి తిండి రాలేదు" అనుకుని ఇంకా గ్లూకోజ్, కీటోన్లు తయారు చేస్తూనే ఉంటుంది. గోదాము నిండా బియ్యం ఉండి ఇంట్లో ఆకలి అన్నట్టు. అది ముదిరి కీటోఅసిడోసిస్ అయితే ప్రాణానికే ముప్పు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చేవరకు ఇలాంటి పిల్లలను కాపాడే దారి లేదు.

ఇక మన ఇళ్ల సంగతి చూడండి. రంజాన్ వస్తే షుగర్ ఉన్న నాన్న "రోజా ఉండొచ్చా?" అని అడుగుతారు. ఏకాదశికి అమ్మమ్మ అదే అడుగుతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు తిండి మానేస్తే గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎందుకంటే ఉపవాసంలో తగ్గాల్సిన ఇన్సులిన్, మందు వల్ల తగ్గదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఈ భయం తక్కువ. మందు మార్చడం, మోతాదు తగ్గించడం డాక్టర్ పని. కానీ "ఉపవాసానికి ముందే డాక్టర్‌ను కలవండి" అని చెప్పి, ఎందుకో వారి భాషలో వివరించగలిగేది ఈ పాఠం అర్థం చేసుకుని చదివిన విద్యార్థే.