చట్టము నీడలో వార్ధక్యము

శ్రీకాకుళం, విజయనగరం సీమలకు వలస కొత్తది కాదు. జనులు ‘రంగం’ అని పిలుచుకొనిన రంగూనుకు ఒకప్పుడును, తరువాత మద్రాసు, హైదరాబాదు నగరములకును బిడ్డలు తరలిపోగా, ఇంటిలో వృద్ధులు మిగిలిరి. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణము బిడ్డల విధియని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము శాసించినది. కాని కోర్టు మెట్లెక్కు ఓపిక ముసలివారికేది? 2007 చట్టముతో ఆర్.డి.ఓ. స్థాయి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొను వీలు కలిగినది. తన సంరక్షణలోని వృద్ధుని విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

జిల్లాకొక్కటైనను, 150 మంది నిరుపేదలకు చాలునట్టి వృద్ధాశ్రమమును ప్రభుత్వము ‘స్థాపింపవచ్చును’ అని ఆ చట్టము పలికినదే గాని, ‘స్థాపింపవలెను’ అనలేదు. వృద్ధాశ్రమములకు రిజిస్ట్రేషను, కనీస ప్రమాణములు ఏర్పరుపజూచిన 2019 నాటి సవరణ బిల్లు, 2024లో లోకసభ రద్దుతో మురిగిపోయినది. బిడ్డల బాధ్యతను చెప్పినంత గట్టిగా ఆశ్రమ నిర్వాహకుల బాధ్యతను కూడ చట్టము చెప్పవలసియున్నది.